పుస్తకం పక్కన ఒక పిల్ల

టీచరు ఉద్యోగానికి సిద్ధం కావడం అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఓ అద్దెగది, గోడకు అంటించిన టైంటేబుల్, నేలమీద బిట్‌బ్యాంకుల గుట్ట. ఆ చదువును నేను తక్కువ చెయ్యను. ర్యాంకు లేకపోతే బడి గేటు దాటనివ్వరు. కాకపోతే ఆ గదిలో చదివేదంతా పిల్లల గురించే అయినా పిల్లలెవరూ అటు రారు. నియామకపు ఉత్తర్వు చేతికొచ్చిన కొద్దిరోజులకే గదినిండా పిల్లలు ఎదురుగా కూర్చుంటారు. అప్పుడు మొదలుపెట్టాల్సిన పని అనుకునేదాంట్లో సగం, నోటిఫికేషన్ రాకముందే చేసుకోవచ్చు. ఎలాగో వరసగా చెబుతాను. ఎస్జీటీ పోస్టును మనసులో పెట్టుకుని రాస్తున్నాను. స్కూల్ అసిస్టెంట్ అభ్యర్థులు అక్కడక్కడా మార్చుకుంటే సరిపోతుంది.

ఏ తరగతులకు చెబుతారు?

ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఇంటర్ అయ్యాక డీఈఈసెట్ రాసి, డైట్‌లోనో ప్రైవేటు కాలేజీలోనో రెండేళ్ళ డీఎల్‌ఈడీ చేస్తే (పాతవాళ్ళు టీటీసీ, డీఎడ్ అనేవారు) ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్జీటీకి అర్హత వస్తుంది. డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్, ఆ పైన రెండేళ్ళ బీఎడ్ అయితే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్. ఈ రెండు దారులూ కొన్నాళ్ళు కలిసినట్టు కనిపించాయి. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఎడ్ వాళ్ళు కూడా ప్రాథమిక తరగతులకు అర్హులేనంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెల్లదంది. ఆ మధ్యలో ఎస్జీటీ కోసం రాత్రింబవళ్ళు చదివిన బీఎడ్ అభ్యర్థులు దారి మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఇప్పుడు చేరేవాళ్ళు ఏదో ఒకటి చేసి తర్వాత చూద్దాం అనుకోకూడదు. పోస్టుల లెక్క చూస్తే చిన్న తరగతులవైపే ఎక్కువ ఉంటాయి. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీవే. కానీ ఆరేళ్ళ పిల్ల పలక పట్టుకొచ్చి అదే అక్షరం పదోసారి తప్పు రాసి చూపించినా విసుగు రాని మనిషికే ఆ లెక్క పనికొస్తుంది.

శిక్షణలో బడికి పంపే రోజులుంటాయి. బీఎడ్‌లో ఇంటర్న్‌షిప్పే 16 వారాలు. వాటిని రికార్డులు నింపుకోవడానికి ఖర్చుపెట్టడం మన కాలేజీల పాత జబ్బు. సీనియర్ల దగ్గర పీరియడ్ ప్లాన్లు తెచ్చి ఎత్తిరాసి, చార్టు మీద థర్మోకోల్ అతికించి, పరిశీలకుడు వచ్చిన పూట ఒక పాఠం ప్రదర్శించి వచ్చేస్తారు. నేనైతే ఆ రోజుల్లో ఒక పని చెయ్యమంటాను. ఆ బడిలో పిల్లలు ఇష్టపడే టీచరు ఎవరో కనుక్కుని, ఆవిడ క్లాసులో వెనక చాపమీద కూర్చోండి. పాఠం మొదలవకముందు, మధ్యాహ్నం భోజనాల తర్వాత, చివరి పీరియడ్‌లో ఆవిడ ఏం చేస్తుందో చూడండి. అన్నం తిని నిద్రకు తూగుతున్న రెండో తరగతిని ఆవిడ ఏ పాటతో, ఏ ఆటతో లేపుతుందో రాసుకోండి. మెథడాలజీ పుస్తకంలో ఆ అధ్యాయం లేదు.

టెట్ లెక్క

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక టెట్ తప్పనిసరయింది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు, తప్పుకు కోత లేదు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు 40 వస్తే పాస్. మొదటి పేపర్లో శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలున్న పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాస్ కావాలి. మీకు పాఠం చెప్పిన సారు పక్క హాల్లో పరీక్ష రాస్తూ కనబడితే ఆశ్చర్యపోకండి.

పాసయ్యాం కదా అని టెట్‌ను పక్కన పెట్టేవాళ్ళు ఒక లెక్క వేసుకోవాలి. డీఎస్సీ మెరిట్‌లో టెట్‌కు 20, డీఎస్సీ పరీక్షకు 80. టెట్‌లో 105 వచ్చిన వాళ్ళకు 14 మార్కులు జమ, 135 వచ్చిన వాళ్ళకు 18. తేడా నాలుగు. డీఎస్సీలో ప్రశ్నకు అరమార్కు కాబట్టి, ఆ నాలుగు మార్కులు పూడ్చాలంటే అక్కడ ఎనిమిది ప్రశ్నలు ఎక్కువ చెయ్యాలి. ర్యాంకులు దశాంశాల దగ్గర తెగే పరీక్షలో ఎనిమిది ప్రశ్నలు చిన్న సంగతి కాదు. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. అయినా మళ్ళీ రాసి మార్కులు పెంచుకోవడంలో నష్టం లేదు.

రెండుసార్లు చదవడం

డీఎస్సీ సిలబస్ మీద పుస్తకాలు కొల్లలు. నేను చెప్పేది చదివే పద్ధతి గురించి మాత్రమే.

శిశు వికాసంలో పియాజే వస్తాడు. రెండు నుంచి ఏడేళ్ళ దాకా పూర్వ ప్రచాలక దశ, పదిలపరచుకునే భావన లోపం అని బట్టీ పట్టేస్తాం. దీనికి పావుగంట పని ఉంది. అక్క కూతురో పక్కింటి బాబో, ఐదేళ్ళ పిల్లను పిలవండి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, రెండూ ఒకటేనా అని అడగండి. ఒకటే అంటుంది. ఒక గ్లాసు నీళ్ళు తన కళ్ళముందే సన్నటి పొడవాటి గ్లాసులోకి వంచి మళ్ళీ అడగండి. పొడుగు దాంట్లోనే ఎక్కువున్నాయి అంటుంది, అదీ ఏమాత్రం తడుముకోకుండా. అదే ప్రశ్న ఎనిమిదేళ్ళ అన్నను అడిగితే మనవైపు అనుమానంగా చూస్తాడు. ఇది ఒకసారి చూసినవాళ్ళు ఆ బిట్ ఎప్పటికీ తప్పు పెట్టరు. అంతకంటే ముఖ్యం, ఒకటో తరగతిలో అయిదు గింజలు దగ్గరగా, అయిదు గింజలు దూరందూరంగా పేర్చితే పిల్లలు దూరంగా ఉన్నవే ఎక్కువ అన్నప్పుడు వాళ్ళను మొద్దులు అనుకోరు.

కంటెంట్ కోసం ఎలాగూ రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే చదువుతారు. వాటిని రెండు కళ్ళతో చదవండి. ఒకసారి అభ్యర్థిగా: కవి ఎవరు, ప్రక్రియ ఏది, ఏ సంవత్సరం. రెండోసారి మూడో తరగతి పిల్లగా: ఈ పేజీలో నన్ను ఆపే మాట ఏది? పెన్సిల్‌తో గీత గియ్యండి. వత్తులున్న చోట, ఒకదాని కింద ఒకటి చేరిన చోట, మన ఊళ్ళో ఎవరూ అనని మాట ఉన్న చోట గీతలు పడతాయి. తర్వాత నిజంగానే ఓ మూడో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, మీ గీతలూ ఆ పిల్ల ఆగిన చోట్లూ ఒకటయ్యాయేమో చూడండి. మొదట్లో కలవవు. పెద్దవాళ్ళకు కష్టమనిపించే మాటను పిల్లలు ఇట్టే చదివేసి, మనం తేలికనుకున్న చోట ఆగిపోతారు. నెలరోజులు ఇలా చేస్తే మన అంచనా పిల్లల దగ్గరికి వస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో పక్కపక్క పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటాయి కాబట్టి అదే పాఠాన్ని ఇంగ్లీషులోనూ చదివించండి. లెక్క తెలిసిన పిల్ల కూడా ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నందుకే ఆగిపోవడం కనిపిస్తుంది.

గణితంలో తప్పులను పోగెయ్యండి. 52లోంచి 38 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 26 అంటారు. ఎలా వచ్చిందని అడగండి. ఎనిమిదిలో రెండు పోతే ఆరు, అయిదులో మూడు పోతే రెండు. ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తియ్యాలని ఎవరో చెప్పిన సూత్రాన్ని ఆ పిల్ల బుద్ధిగా పాటించింది. నూట అయిదు రాయమంటే 1005 అని రాసే పిల్ల విన్నది విన్నట్టు రాసింది, నూరు, పక్కన అయిదు. ఇలాంటి తప్పులు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పొండి. స్థానవిలువ మీద మీరు చదివే బోధనాపద్ధతి బిట్లన్నీ ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుంటే అర్థవంతంగా కనిపిస్తాయి.

విద్యా దృక్పథాలు మాత్రం బట్టీ పట్టాల్సిందే. 1854 వుడ్స్ డిస్పాచ్, 1882 హంటర్ కమిషన్, 1964-66 కొఠారి, ఎన్‌సీఎఫ్ 2005, ఎన్‌ఈపీ 2020. దానికి అడ్డదారి నాకైతే కనబడలేదు.

ఎదురుచూపు

ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఏడేళ్ళంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడు పూర్తిచేసే కాలం. ఇన్నేళ్ళూ కోచింగులోనే కూర్చునే స్తోమత ఎందరికుంటుంది? కొందరు ప్రైవేటు బడిలో చేరతారు. జీతం చెప్పుకోదగ్గది కాకపోయినా నోరు తిరుగుతుంది, బ్లాక్‌బోర్డు మీద చెయ్యి కుదురుతుంది. అలా కుదరనివాళ్ళు సాయంత్రాలు ఊళ్ళో అరుగుమీద నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పినా ఫరవాలేదు. గిజుభాయి రాసిన పగటికల, జపాన్ రచయిత్రి కురోయనాగి రాసిన రైలుబడి తెలుగులో దొరుకుతాయి. ఈ ఖాళీలో అవి చదవొచ్చు. పరీక్షలో రాకపోయినా చదవాల్సినవి.

బోర్డు రాత గురించి ఒక్కమాట. చేతిలో సుద్దముక్క సగానికి విరిచి పట్టుకుంటే కీచుమనదు. తలకట్టు, కొమ్ము, సుడి విడివిడిగా కనిపించేటంత పెద్దగా రాసి, గది చివరకు వెళ్ళి నేలమీద కూర్చుని చూడండి. బోర్డు అడుగుభాగంలో రాసింది ముందు వరస తలల వెనక దాక్కుంటుంది. వ, మ, ప ఒకేలా కనిపిస్తే చెయ్యి మార్చుకోవాలి. పిల్లలు మన అక్షరాన్నే దించుతారు.

కాగితాలు

ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన. ఇక్కడ హడావుడి పడేది ఎక్కువగా స్థానికత దగ్గరే. మొన్నటి నియామకాల్లో స్టడీ సర్టిఫికెట్లు తెలంగాణలో ఒకటి నుంచి ఏడు తరగతులవీ, ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు నుంచి పదివీ అడిగారు. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ రికార్డు కోసం మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడేదో తీరిగ్గా ఉన్నప్పుడే పూర్తిచెయ్యండి. కుల ధ్రువీకరణ, ఒరిజినల్ మార్కుల జాబితాలు, టెట్ మెమో, అన్నీ ఒకే ఫైల్లో, జిరాక్సులు మూడేసి.

కౌన్సెలింగ్‌లో బడిని ఎంచుకునేటప్పుడు అందరూ చూసేది బస్సు దారి, అద్దె భత్యం. అవి చూడొద్దనను. దాంతోపాటు ఆ బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు అన్నది కూడా కనుక్కోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. అంటే ఇద్దరు మనుషులు, అయిదు తరగతులు. మీకు రాబోయే రోజులు చాలావరకు ఆ లెక్కను బట్టే ఉంటాయి.

చేరిన రోజు జాయినింగ్ రిపోర్టు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తర్వాత సర్వీస్ రిజిస్టర్ తెరవడం, ట్రెజరీ ఐడీ, సీపీఎస్ కింద ప్రాన్ నంబరు. ఇవన్నీ అయితేగాని జీతం బిల్లు కదలదు. మొదటి నెల జీతం మొదటి నెలలోనే పడుతుందని ఎవరికీ మాటివ్వకండి.

ఊరిని చూసి రావడం

చేరే ముందు ఒక్క పూట వీలు చిక్కినా, ఆ ఊరు వెళ్ళి రండి. బడి మూసి ఉన్నా సరే. పిల్లలు ఏ వీధుల నుంచి వస్తారు, మధ్యలో కాలువో హైవేయో దాటాలా, అంగన్‌వాడీ ఎంత దూరం, ఊళ్ళో ఏ పంట, కోతలప్పుడు, పత్తి ఏరేటప్పుడు పిల్లలు మానేస్తారా, ఇవన్నీ టీకొట్టు దగ్గర అరగంట కూర్చుంటే తెలుస్తాయి.

ఇంట్లో పిల్లలు ఏ భాష మాట్లాడతారో తప్పక అడగండి. ఉట్నూరు వైపు గోండీ, భద్రాచలం దగ్గర కోయ, సీతంపేట కొండల్లో సవర, తండాల్లో లంబాడీ. అక్కడ ఒకటో తరగతికి తెలుగే పరాయి భాష, ఇంగ్లీషు సంగతి సరేసరి. పర్లాకిమిడి హైస్కూల్లో పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశాడు. అంత చెయ్యలేకపోయినా, రా, కూర్చో, నీళ్ళు, ఆకలి, కడుపునొప్పి, ఒంటికి పోవాలి, ఈ కాసిన్ని మాటలు వాళ్ళ భాషలో నేర్చుకుని వెళ్ళడం కష్టం కాదు. చివరి రెండూ మరీ ముఖ్యం. చెప్పుకోలేక కూర్చున్నచోటే తడిపేసుకున్న పిల్ల మర్నాడు బడికి రాదు.

మొదటి రెండు వారాలు

మొదటి రోజు పాఠం వద్దు. హాజరుపట్టీ ముందేసుకుని పేర్లు చదవండి. రిజిస్టర్లో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు ఉంటుంది. రెండూ రాసుకోండి. భోజనం లెక్క పొద్దున్నే వంట ఏజెన్సీకి చెప్పాలి. అది మీ బాధ్యత అయితే వంటమ్మ నంబరు ఫోన్‌లో అందరికంటే ముందు ఎక్కించుకోండి. ఫేస్ అటెండెన్స్ యాప్‌లు, ఆన్‌లైన్ ఎంట్రీలు పక్క టీచరు చూపిస్తే గంటలో వచ్చేస్తాయి. వాటికి భయపడక్కర్లేదు, వాటితోనే రోజు గడిపెయ్యకుండా చూసుకుంటే చాలు. గొంతును కాపాడుకోండి. కొత్త టీచర్లకు మొదటి నెలలోనే గొంతు పోతుంది, అరిచి అదుపు చెయ్యబోయినందుకు. గోల ఎక్కువైనప్పుడు మాట ఆపి, గోల ఎక్కడుందో అక్కడికి నడిచి వెళ్ళి నిలబడితే తొందరగా సద్దుమణుగుతుంది.

బెత్తం సంగతి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. అయినా మొదటి వారంలోనే ఏ తల్లో పిల్లాడి రెక్క పట్టుకుని వచ్చి, "కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి సారూ, మేమేమీ అనం" అంటుంది. ఆవిడతో చట్టం మాట్లాడితే నవ్విపోతుంది. "కొట్టే పనిలేదమ్మా. సాయంత్రం ఓ పావుగంట వీడి చేత పైకి చదివించి నువ్వు విను" అనండి. "మాకు చదువు రాదు కదా సారూ" అంటుంది. "తడబడుతున్నాడో లేదో చెవికి తెలుస్తుంది కదమ్మా" అంటే ఒప్పుకుంటుంది. నిజంగానే తెలుస్తుంది కూడా. పుస్తకం చూడకుండా గడగడా అప్పజెప్పడానికీ, చూసి చదవడానికీ తేడా చదువురాని తల్లులు మనకంటే ముందే పసిగడతారు.

మొదటి వారం చివరికి అసలు పని మొదలెట్టండి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించడం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇలాంటిదే: అక్షరం, మాట, చిన్న పేరా, కథ. తెలుగుకు నేను మెట్లు ఇంకాస్త దగ్గరగా పెడతాను. అక్షరాలు, తల, పలక, వల లాంటి సరళ పదాలు, బడి, కాలు, కోడి లాంటి గుణింత పదాలు, అక్క, చెట్టు లాంటి ద్విత్వాలు, పుస్తకం, సూర్యుడు లాంటి సంయుక్తాలు, ఆ తర్వాత వాక్యం, కథ. ఒక అట్టముక్క మీద రాసుకుంటే చాలు. సొంత పాఠ్యపుస్తకంలోంచి చదివించకండి. మూడో తరగతి పిల్ల పాఠమంతా నోటికి వచ్చి, వేలు ఒక వరసలో, మాట ఇంకో వరసలో నడిపిస్తూ అమోఘంగా చదివేస్తుంది. అనుమానం వస్తే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడగండి. ఆగిపోతుంది. కూడిక, అప్పు తెచ్చుకునే తీసివేత, ఒక భాగహారం, గణితానికి ఈ మూడు చాలు.

ఇలా చూశాక ఒక పట్టిక వస్తుంది. నాలుగో తరగతిలో ద్విత్వాల దగ్గర ఆగిన వాళ్ళు కొందరు, సరళ పదాలే రానివాళ్ళు ఇద్దరు, కథ చదివేసే రెండో తరగతి పిల్ల ఒకతె. ఇప్పుడు అయిదు తరగతుల్ని అయిదు వరసలుగా చూడటం మానెయ్యొచ్చు. పొద్దున ఒక గంట తెలుగు, ఒక గంట లెక్కలు, పట్టికను బట్టి గుంపులు. మీరు ఒక గుంపు దగ్గర కూర్చుంటే, మిగతా గుంపులకు మీరు లేకుండా జరిగే పని ఉండాలి. కార్డులమీద మాటలు జత చెయ్యడం, గింజలతో కూడికలు, కథ చదివే పిల్ల చిన్నవాళ్ళకు చదివి వినిపించడం. ఆ పని ముందురోజు సాయంత్రమే సిద్ధం కాకపోతే పొద్దున క్లాసు చెల్లాచెదురవుతుంది. బహుళ తరగతి బోధనలో పాఠం చెప్పడం కంటే ఈ తయారీకే టైం ఎక్కువ పడుతుంది. పరిసరాల విజ్ఞానం మూడు, నాలుగు, అయిదు తరగతులకు కలిపి ఒకేసారి చెప్పుకోవచ్చు. చెరువు గురించో చెట్టు గురించో మాట్లాడి, రాసే పని మాత్రం ఎవరి స్థాయికి వాళ్ళది ఇవ్వడమే. తెలంగాణలో తొలిమెట్టు, కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ అడిగేవి కూడా ఇంచుమించు ఇవే. వాటి ఫార్మాట్లు నింపడానికి మీ పట్టికే ఆధారమవుతుంది, రెండో లెక్క పెట్టుకోనక్కర్లేదు.

మొదటి నెలంతా రోజూ సాయంత్రం బడి నుంచి కదిలేముందు అయిదు నిమిషాలు కూర్చుని, ఆ రోజు ఎవరు ఏ మెట్టు దాటారో, ఎవరు బడికి రాలేదో ఆ పట్టికలోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వరసగా రెండు రోజులు రాని పిల్ల ఇంటికి వెళ్ళి రండి. దసరా సెలవులకు ముందు అదే అట్టముక్కతో, మాటలు మాత్రం మార్చి, మళ్ళీ అందర్నీ చదివించండి. గుంపులు అప్పుడు మారతాయి. రెండో పట్టిక కాపీ ఒకటి హెచ్‌ఎంకి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, కాంప్లెక్స్ మీటింగుకు వెళ్ళేటప్పుడు కావాలి.